వినకుండా ఇచ్చిన తీర్పులు

ఎడో బౌమన్ అనే డచ్ రికార్డుల వేటగాడికి 2002లో ఢిల్లీలోని ఒక పాత రికార్డుల దుకాణంలో ఒక ఎల్పీ దొరికింది. అట్ట మీద పేరు 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. వాయించింది చరణ్‌జీత్ సింగ్. దాన్ని 1982లో తెచ్చింది గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా, మన ఇళ్లలో కుక్కబొమ్మ కంపెనీగా తెలిసిన హెచ్‌ఎంవీ. బౌమన్ 2010లో తన 'బాంబే కనెక్షన్' లేబుల్ మీద ఆ రికార్డును మళ్లీ విడుదల చేశాడు. అంతే, యూరప్ పత్రికల్లో, క్లబ్బుల్లో ఒకటే మాట మొదలైంది. ఆసిడ్ హౌస్ అనే సంగీతం షికాగోలో పుట్టిందనుకున్నామే, అంతకు అయిదేళ్ల ముందే బొంబాయిలో ఒక సినిమా వాద్యకారుడు కనిపెట్టేశాడట!

ఆ మాట సముద్రం దాటి మనదాకా వచ్చింది. మనమూ ఛాతీ విరుచుకున్నాం. రికార్డును మొదటి నుంచి చివరి దాకా విన్నవాళ్లు ఎందరని అడిగితే మాత్రం తలలు వంగుతాయి.

ఒకే సంగీత సంపుటికి రెండుసార్లు విచారణ జరిగింది. మొదటిసారి, 1982లో, న్యాయమూర్తులు కోర్టుకే రాలేదు. రెండోసారి వచ్చారు గాని, సాక్షిని బోనులో నిలబెట్టి పుట్టిన తేదీ ఒక్కటే అడిగి పంపేశారు. ఈ రెండు తీర్పులూ చెల్లవన్నది మా అభిప్రాయం. మొదటిది అలసత్వం, రెండోది ఆత్రం. సంగీత విమర్శ అనే పని ఇద్దరూ చేయలేదు.

ఆ రికార్డు ఎలా తయారైందో ముందు చూడాలి. చరణ్‌జీత్ సింగ్ ప్రయోగాల మోజులో ఉన్న కుర్రవాడు కాదు. అప్పటికే నలభై దాటినవారు. శంకర్-జైకిషన్, ఆర్.డి. బర్మన్, లక్ష్మీకాంత్-ప్యారేలాల్ వంటివారి పాటలకు బొంబాయి స్టూడియోల్లో గిటారు, బేస్ గిటారు, కీబోర్డు వాయించి వేళ్లు అరగదీసుకున్న మనిషి. హిందీ సినిమాను డిస్కో ఊపేస్తున్న కాలమది. 1980లో 'కుర్బానీ', 1981లో నాజియా హసన్ 'డిస్కో దీవానే', 1982 చివర 'డిస్కో డాన్సర్'. ఎటు తిరిగినా అదే దరువు. ఆ దరువునే తీసుకుని, తబలాను పక్కనపెట్టి, పైన రాగాలు వాయిస్తే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నానని ఆయనే తర్వాత చెప్పారు. ఆలోచన అంత సూటిది.

అందుకు ఆయన వాడినవి జపాన్‌లోని రోలాండ్ కంపెనీ యంత్రాలు మూడు. తాళానికి టీఆర్-808. పైన రాగం నడపడానికి జూపిటర్-8 అనే పెద్ద సింథసైజర్. కింద మంద్రంలో నడవడానికి టీబీ-303 అనే చిన్న వెండిరంగు పెట్టె. 303ను రోలాండ్ వారు 1981లో మార్కెట్లోకి తెచ్చారు. గిటారు వాయించేవాడు ఒంటరిగా సాధన చేసుకుంటుంటే వెనక బేస్ గిటారు బదులు మోగాలన్నది వారి ఉద్దేశం. బేస్ గిటారులా అది ఏనాడూ మోగలేదు. దాదాపు 10 వేలు అమ్ముడయ్యాక 1984లో తయారీ ఆపేశారు. మిగిలినవి పాతసామాన్ల కొట్లకు చేరాయి.

ఈ పెట్టె పనితీరు కొంచెం తెలిస్తే తప్ప తగువు అర్థం కాదు. అందులో పదహారు గడులు ఉంటాయి. ఒక్కో గడిలో ఒక్క స్వరం. పదహారూ అయిపోగానే మళ్లీ మొదటికి వస్తుంది, ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది, రెండు కలిపి మోగించడం దాని వల్ల కాదు. ఏ స్వరాన్నైనా ఒత్తి పలకమని చెప్పొచ్చు. ఒక స్వరం నుంచి పక్క స్వరానికి తెగకుండా జారమనీ చెప్పొచ్చు. పైనున్న మరలు తిప్పితే నాదం నోరు మూసి మూలిగినట్టు మొదలై, క్రమంగా నోరు తెరిచి, చివరకు కీచుమంటుంది. ఆసిడ్ అని పేరుపడ్డ శబ్దం ఇదే.

మన సంగీతం తెలిసినవారికి ఇక్కడ ఒక మాట తగలాలి. జారడం. కర్ణాటక సంగీతంలో 'జారు' అంటాం, ఉత్తరాదివారు మీండ్ అంటారు. హార్మోనియం మెట్ల మీద ఇది పలకదు. అందుకే ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. అలాంటిది, ఎవరికీ అక్కర్లేని ఒక జపాన్ పెట్టెలో, ఎవరూ రాగాన్ని తలచుకోకుండా పెట్టిన ఒక మీటలో జారు దాక్కుని ఉంది. పాశ్చాత్య సంగీతంలో పాటను ముందుకు నడిపేది స్వరగుచ్ఛాల మార్పు. రాగానికి ఆ అవసరం లేదు. ఒక ఆధార శ్రుతి, దాని చుట్టూ తిరిగే ఒక గీత చాలు. ఒక్క స్వరమే పలికే యంత్రం, మొదటికే తిరిగి వచ్చే యంత్రం, జారే యంత్రం. దీన్ని చూసి రాగం గుర్తుకు రావడం పొరపాటున జరిగే పని కాదు. దశాబ్దాలు స్టూడియోలో కూర్చున్న చెవికే అది తడుతుంది.

'పొరపాటు' అన్న మాట కావాలనే ఎత్తాం. చరణ్‌జీత్ సింగ్ ఆసిడ్ హౌస్‌ను పొరపాటున కనిపెట్టారన్నది 2010 తర్వాత పాశ్చాత్య పత్రికల్లో బాగా చెల్లిన వాక్యం. చదవడానికి సరదాగా ఉంటుంది. షికాగో కుర్రాళ్లు మీటలు తిప్పితే ఆవిష్కరణ, బొంబాయి వాద్యకారుడు తిప్పితే పొరపాటు! పొగడ్త ముసుగు వేసుకున్న చులకన ఇది. దీన్ని మనవాళ్లు మురిసిపోయి పంచుకోవడం ఇంకా విచిత్రం. అంతకన్నా హాస్యం మరొకటుంది. రికార్డు మళ్లీ వచ్చిన కొత్తలో ఇది 1982 నాటిదని నమ్మలేక, ఎఫెక్స్ ట్విన్ అనే బ్రిటిష్ సంగీతకారుడు మారుపేరుతో ఆడిన ఆట కాబోలని కొందరు అనుమానించారు. అప్పటికి కర్త బొంబాయిలో బతికే ఉన్నారు. వెళ్లి అడిగితే తన ఇంట్లో కూర్చుని తాపీగా చెప్పే మనిషి. అయినా అలాంటి సంగీతం అలాంటి చోటినుంచి వస్తుందని నమ్మడం కన్నా మోసమని నమ్మడమే వారికి తేలికైంది.

అలాగని మన వైపు ఛాతీ విరుపు నిలుస్తుందా? నిలవదు. షికాగో కథను షికాగోకే వదలాలి. 1979 జూలై 12న ఆ నగరంలోని కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో జనం చూస్తుండగా డిస్కో రికార్డుల కుప్పను పేల్చేశారు. డిస్కోను ప్రాణంగా చూసుకున్న నల్లజాతి యువత, స్వలింగ ప్రేమికులు ఆ పేలుడులో ద్వేషాన్ని స్పష్టంగానే విన్నారు. ఆ నగరంలోనే, వారి క్లబ్బుల్లోనే, కాలిన డిస్కో బూడిదలోంచి హౌస్ సంగీతం లేచింది. ఫ్యూచర్ అనే ముగ్గురి బృందం పాత 303 ఒకటి చేజిక్కించుకుని మరలు తిప్పి తిప్పి చేసిన 'ఆసిడ్ ట్రాక్స్' 1987లో రికార్డుగా వచ్చింది. అంతకు ముందే రాన్ హార్డీ అనే డీజే మ్యూజిక్ బాక్స్ క్లబ్బులో దాని టేపును ఒకే రాత్రి పదేపదే వేసి, మొదట మొహం చిట్లించిన జనాన్ని చివరకు ఊగించాడు. ఈ కథలో ఎక్కడా బొంబాయి రికార్డు లేదు. షికాగోవారు దాన్ని వినలేదు, విని ఉండే అవకాశమూ లేదు. తండ్రి కానివారిని తండ్రి అనడం ఆయనకూ మర్యాద కాదు, అక్కడి బిడ్డలకూ కాదు.

పైగా రెండు సంగీతాలూ ఒకటి కావు. ఇది చెవి పెడితే పది నిమిషాల్లో తెలిసే సంగతి. 'ఆసిడ్ ట్రాక్స్'లో రాగం లేదు, పాట లేదు. మర తిరగడమే సంగీతం. 303 ముందు నిలబడి, మిగతాదంతా దాని వెనక నడుస్తుంది. చరణ్‌జీత్ సింగ్ దగ్గర రాజు జూపిటర్ మీద చేత్తో వాయించిన రాగం. 303 దాని కింద పరచిన తివాచీ. యంత్రం ఒకటే అయినంత మాత్రాన వెతుకులాట ఒకటవుతుందా? వీణ మీద రాగం వాయించినవారూ సినిమా పాట వాయించినవారూ ఒకే సంగీతం చేశారని ఎవరైనా అంటారా? అయినా 2010 నుంచి వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం మూడు యంత్రాల పేర్లు, రెండు రికార్డుల తేదీల మధ్య తేడా దగ్గరే ఆగిపోయాయి. 1982 ముందా, 1987 ముందా? ఒకటో తరగతి లెక్క. ఆ పది రాగాల్లో ఏది పలికింది, ఏది పలకలేదన్న లెక్క వేయాలంటే రాగం తెలియాలి. తెలియనప్పుడు తెలిసినవారిని అడగాలి.

తెలిసినవారు అంటే మనం. అసలు దోషం వైపు ఇప్పుడు వెళదాం.

పెరటిచెట్టు సామెత చెప్పి ఇక్కడ తప్పించుకోవడం తేలిక. ఆ సామెత మన బద్ధకానికి దొడ్డిదారి. ఈ రికార్డును తెచ్చింది ఊరూపేరూ లేని కంపెనీ కాదు, దేశంలోనే పెద్దది. రేడియోలో కొంత వినిపించారు కూడా. అయినా అమ్ముడుపోలేదు, మరుగున పడింది. అమ్ముడుపోకపోవడం కొనేవారి ఇష్టం. దానిమీద నలుగురూ గుర్తుపెట్టుకునే ఒక్క విమర్శ పుట్టకపోవడం మాత్రం రాసేవారి తప్పు. శాస్త్రీయ సంగీతం రాసేవారికి డిస్కో అన్న మాటే మైల. సినిమా రాసేవారికి ఇందులో సినిమా లేదు. రెండు బల్లల మధ్య ఖాళీలో పడ్డ రికార్డు ఇది. ఇటు తెలుగునాట 1980లో వచ్చిన 'శంకరాభరణం' ఊపు ఇంకా చల్లారని రోజులవి. శాస్త్రీయం ఒక గట్టున, పాశ్చాత్య దరువు మరో గట్టున అని ప్రేక్షకలోకం కన్నీళ్లతో ఒప్పుకున్న కాలం. అలాంటి గాలిలో భూపాలికి డిస్కో దరువు కట్టిన మనిషికి ఎవరు పీట వేస్తారు?

పీట వేయనక్కర్లేదు, కనీసం తిట్టాల్సింది. ఆకాశవాణి హార్మోనియం నిషేధం తప్పుడు తీర్పని మేము నమ్ముతాం. కానీ అది తీర్పే. గమకం పలకదు, శ్రుతి కుదరదు అని కారణం చెప్పారు. కారణం ఉంది కాబట్టి వాదన నడిచింది, వాదన నడిచింది కాబట్టి చివరికి తలుపు తెరుచుకుంది. మన పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్ సంగతి చూడండి. కరెంటు మాండొలిన్ పట్టుకుని 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో కచేరీ చేసినప్పుడు ఆ అబ్బాయికి పదేళ్లు కూడా నిండలేదు. ఇందులో గమకం పలుకుతుందా అని పెద్దలు నొసలు చిట్లించారు. చిట్లించినా కూర్చుని విన్నారు. పలుకుతోందని ఒప్పుకున్నారు. మాండొలిన్ కచేరీ వేదికల మీద నిలబడింది. ప్రశ్న సరైనది, విన్న చెవి నిజాయతీగలది, అందుకే తీర్పు నిలిచింది. చరణ్‌జీత్ సింగ్‌కు ఆ ప్రశ్న కూడా ఎవరూ వేయలేదు.

ఇది ఒక్క మనిషి దురదృష్టం అనుకుంటే పొరపాటే. 1969లో అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్‌తో ఒక ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో ఏర్పాటు చేశారు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్, ఐ.ఎస్. మాథుర్ వంటివారు అందులో పనిచేసి టేపులు నింపారు. కొద్ది సంవత్సరాలకే ఆ పని ఆగింది, టేపులు బీరువాల్లో పడుకున్నాయి. వాటిని బయటి లోకానికి వినిపించింది మళ్లీ బయటివారే. బ్రిటన్‌కు చెందిన పాల్ పర్గస్ వెలికితీశాక 2023లో అవి రికార్డుగా వచ్చాయి. దాచుకోవడం మనకు చేతనవును. విని మాట్లాడటమే చేతకాదు.

ఇప్పుడైనా చేతనవుతోందా? తెలుగు పత్రికల సభా సమీక్ష తీసి చూడండి. ఫలానా వర్ణంతో ప్రారంభించి, ఫలానా కృతులు ఆలపించి శ్రోతలను రంజింపజేశారు, వయోలిన్‌పై వీరు, మృదంగంపై వారు చక్కని సహకారం అందించారు. పెళ్లి పత్రికలో బంధువుల జాబితా కూడా దీనికన్నా ఆసక్తిగా ఉంటుంది. సినిమా పాటల సంగతి మరీ అన్యాయం. లిరికల్ వీడియో వచ్చిన గంటకు ఎన్ని లక్షల వ్యూస్ అన్నదే సమీక్ష. నేటి పాటలో మనం వినే నాదంలో అధిక భాగం కంప్యూటర్ ముందు కూర్చున్న ప్రోగ్రామర్ కట్టిందే. అతని పేరు వివరాల్లో చిట్టచివర, చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఆ బీట్ ఎందుకు పనిచేసింది, ఆ బేస్ పల్లవిని ఎలా మోసింది, ఎక్కడ మింగేసింది అని రాసే కలం ఎక్కడ? యంత్రం వచ్చి సంగీతాన్ని చంపిందని నిట్టూర్చే వ్యాసాలు మాత్రం ప్రతి ఏడాదీ వస్తాయి. అవి రాయడానికి దేనినీ వినక్కర్లేదు కదా.

పాశ్చాత్య విమర్శకులకు ఒక్క మెచ్చుకోలు బాకీ ఉన్నాం. తప్పు తీర్పు ఇచ్చినా దాన్ని అచ్చులో ఉంచుతారు, వెనక్కి వచ్చి దిద్దుకుంటారు. ఫ్రాన్స్‌కు చెందిన డాఫ్ట్ పంక్ జంట 2001లో 'డిస్కవరీ' తెచ్చినప్పుడు పిచ్‌ఫోర్క్ పత్రిక పదికి 6.4 వేసింది. ఇరవై ఏళ్ల తర్వాత 2021లో అదే పత్రిక తన పాత మార్కును తనే కొట్టేసి, పదికి పది వేసుకుంది. పదికి పది మరీ ఎక్కువని మా అనుమానం. అయినా దిద్దుకోవడానికి ముందొక 6.4 ఉండాలి. మన దగ్గర కొట్టేయడానికి కూడా ఏమీ లేదు.

ఇన్ని మాటలన్నాక, ఆ రికార్డు మీద మా తీర్పు చెప్పకుండా కలం మూస్తే మేమూ ఆ బోనులోనే నిలబడాలి. చెబుతాం. వినడం కష్టమేమీ కాదు, ఫోన్‌లో పేరు కొడితే వస్తుంది. పేర్లు ఉత్తరాదివైనా రాగాలు మనకు కొత్తవి కావు. భూపాలి మన మోహన. మాల్కౌన్స్ హిందోళం. యమన్ కల్యాణి. కళావతి వలజి. బైరాగి రేవతి. మధువంతి ధర్మవతికి దగ్గర, మేఘ్ మల్హార్‌లో మధ్యమావతి ఛాయ. తోడి అంటే మన తోడి అనుకోకూడదు, అది శుభపంతువరాళి.

అయిదు స్వరాల రాగాలు ఈ యంత్రాల మీద హాయిగా నడిచాయి. స్వరాల మధ్య ఖాళీ ఎక్కువ కాబట్టి 303 ఆ ఖాళీల్లో జారడానికి చోటు దొరికింది. భూపాలి, మాల్కౌన్స్, కళావతి ఇప్పటికీ తాజాగా ఉన్నాయి. మంద్రంలో ఆ గీత తిరుగుతూ ఉంటే, పైన రాగం దానితో పోటీ పడకుండా దాని భుజం మీద చేయి వేసి నడుస్తుంది. యంత్రగొంతుతో 'ఓం నమః శివాయ' అనిపించిన చోట మాకు నవ్వు వచ్చింది, దాన్ని మేము లోపం అనం. ఆ మనిషి ఆడుకుంటున్నాడు, ఆ ఆట ఆరోగ్యకరం.

తోడి దగ్గర కథ మారుతుంది. ఆ రాగపు గాంధారం కీబోర్డు మెట్టుకన్నా ఇంకాస్త కిందకు ఒదిగి, వణుకుతూ నిలబడాలి. మెట్టు మెట్టుగా కోసిన పన్నెండు స్వరాల్లో దానికి ఇల్లు లేదు. ఇక్కడ వినిపించేది తోడి స్వరాల వరస, తోడి కాదు. లలిత్‌లో రెండు మధ్యమాలు పక్కపక్కనే పలకాలి. పంచమం ఉండదు కాబట్టి చెవికి ఆనుకోవడానికి గోడ లేదు. ఆ ఇరుకులో నిదానంగా తిరగాల్సిన రాగాన్ని దరువు చేయి పట్టి ఈడ్చుకుపోయింది. అన్నిటికన్నా పెద్ద తప్పు ఆలాపనకు ఇచ్చిన చోటు. మొదట్లో కొన్ని క్షణాలు తాళం లేకుండా స్వరాలు విప్పుతారు, చెవి కూర్చునేలోగా 808 దిగుతుంది. ఉదయ రాగానికీ అర్ధరాత్రి రాగానికీ ఒకే కొలత, ఒకే నడక, సుమారు అయిదు నిమిషాల గడువు. పదింటినీ ఒకే సైజు చొక్కాలో దూర్చారు. కొన్నిటికి సరిపోయింది, కొన్నిటికి గుండీలు తెగాయి.

చరణ్‌జీత్ సింగ్ డెబ్బై దాటిన వయసులో ఆ యంత్రాలతో యూరప్ వేదికలెక్కి మనవల వయసు వారిని ఆడించారు. 2015 జూలైలో ముంబైలో కన్నుమూశారు. మళ్లీ యంత్రాల ముందు కూర్చున్న ఆ కొద్ది సంవత్సరాల్లో ఆయనను షికాగో గురించి, రికార్డు పుట్టిన సంవత్సరం గురించి అడిగినవారు ఎందరో. తోడికి డిస్కో దరువు కడుతున్నప్పుడు గాంధారాన్ని ఏం చేశారండీ అని ఒక్కరు అడిగి ఉంటే, రెండోసారి కట్టేటప్పుడు ఆ దరువును ఆయన ఆపి ఉండేవారేమో.